మిగిలిన రెండు ఎనిమిదులు

మోతుహీవా దీవి
మార్చి 6

లెసియెలీ,

మూడు రోజులుగా దక్షిణపు గాలి వీస్తోంది. వాన లేదు. నిన్నంతా చేమదుంపలు తిరిగి నాటాం. తుఫానుకు ఉప్పునీళ్ళు ఎక్కిన చోట మొదట నాటినవి ఒక్కటీ బతకలేదు. ఈరోజు ఆడవాళ్ళం పదకొండు మందిమి వరసగా కూచుని చెట్టు బెరడును సుత్తులతో బట్టగా సాగగొట్టాం. భుజాలు పడిపోయాయి. అక్షరాలు వంకరగా ఉంటే అందుకే అనుకో.

నీ ఇల్లు నిలబడింది. తలుపు లేదు. లుపె వాళ్ళ పంది లోపల కాపురం పెడితే రెండుసార్లు తరిమాను. చర్చి గోడలు నిలిచాయి గానీ కప్పు లేచిపోయి నీళ్ళలో పడింది. బెంచీలు దొరికాయి. చర్చి బోర్డుకు తగిలించే కర్ర అంకెల పెట్టె దొరకలేదు. మీ తాత చెక్కిన నలభై అంకెల్లో ఇప్పటికి దొరికినవి రెండు. ఒకటి సీమపనస కొమ్మల సందున ఇరుక్కుని ఉంది. రెండోదాన్ని నా కోడి పొదుగుతోంది. రెండూ ఎనిమిదులే.

సంఘ పెద్ద సెటాలెకి సంగతి నీకు తెలుసు. బోర్డు పైవరసలో బైబిలు కీర్తన నంబరు, కిందివరసలో పాట నంబరు. బోర్డు మీద లేనిది చర్చిలో చదవడానికీ లేదు, పాడడానికీ లేదు. కొత్త పాస్టరుకు అది తెలియదు.

"సుద్దముక్కతో రాస్తే సరిపోతుంది కదండీ" అన్నాడు.

"సుద్దముక్క బడికి. ఇది చర్చి" అన్నాడు సెటాలెకి.

"పోనీ కొత్తవి చెక్కించండి."

"కప్పు దూలం చీల్చి ఆరబెట్టాను. జూలై దాకా ఆరదు. తడికర్రతో చెక్కితే అంకె వంకరపోతుంది. వంకర అంకె చూస్తూ దేవుణ్ణి స్తుతిస్తారా మీరు?"

అందుకని మూడు ఆదివారాలుగా ఎనిమిదో కీర్తన, ఎనిమిదో పాట. ఆ కీర్తనలో గొర్రెలు, ఎడ్లు, చేపలు ఉన్నాయి. పాస్టరు ఒక వారం గొర్రెల మీద చెప్పాడు, ఒక వారం ఎడ్ల మీద చెప్పాడు. మన దీవిలో ఆ రెండూ లేవు. మొన్న చేపలు మొదలుపెట్టాడు, అప్పుడు కాస్త విన్నాం. నీ చోట పాట ఇలైసా అందిస్తున్నాడు. నువ్వు వెళ్ళాక గొంతున్నవాడు వాడొక్కడే, చెవి మాత్రం లేదు. వాడు ఎత్తుకున్న ఎత్తుకు రెండో చరణంలో మేమందరం రాలిపోతాం. కుక్కలు ముందే లేచి వెళ్ళిపోతున్నాయి.

ఎప్పుడు వస్తావని నేను అడగడం లేదు.

మీ మేనత్త
ఫూసి

*

నుకుఅలోఫా
మార్చి 19

అత్తకు,

ఇక్కడ పట్నంలో వాన. ఆసుపత్రి దుప్పట్లు ఆరడం లేదు. ఉతికినవే మళ్ళీ వాసన వస్తే మళ్ళీ ఉతుకుతున్నాం.

మా ఆడపడుచు, టోమాసి వాళ్ళక్క, ఆక్లండ్ నుంచి రాసింది. బిస్కెట్ల ఫ్యాక్టరీలో నాకు చోటు ఉందట. ఓడ జూన్ పందొమ్మిది, శుక్రవారం. పేరు రాయించాను.

చర్చికి వెళ్ళడం మానేశాను. మీకు చెప్పకూడదనుకున్నాను గానీ పడవ మీద వచ్చేవాళ్ళు ఎవరో ఒకరు చెప్తారు. అక్కడ అన్నీ కృతజ్ఞత పాటలే. నవంబరు నుంచి నాకు గొంతు లేవడం లేదు. టోమాసి పడవ దొరికింది, వల దొరికింది, అన్నం డబ్బా కూడా మూత ఊడకుండా దొరికింది. మనిషి దొరకలేదు. దేనికి కృతజ్ఞత చెప్పాలి, డబ్బాకా? సముద్రం కనబడని గది ఒకటి చూసుకున్నాను. ఆక్లండ్‌లోనూ సముద్రం కనబడని వీధి ఉంటుందంటున్నారు.

మీరు మా నాన్న తోబుట్టువు. మీ మాట నేను దాటకూడదు. వెళ్ళమంటే వెళ్తాను, వద్దంటే ఆగుతాను. ఏదో ఒకటి చెప్పండి. నిర్ణయించుకునే ఓపిక నాకు లేదు.

లెసియెలి

*

మోతుహీవా
ఏప్రిల్ 2

లెసీ,

నీ ఉత్తరం శనివారం అందింది. ఆజ్ఞ సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆదివారం సంగతి విను.

పాస్టరుకు చేపలు కూడా అయిపోయాయి. శనివారం సెటాలెకి ఇంటికి పోయి గుమ్మంలో కూలబడ్డాడు. "అయ్యా, నా దగ్గర ఇంకేం మిగల్లేదు" అన్నాడు. సెటాలెకి జాలిపడి ఆలోచించాడు. ఆదివారం పొద్దున వెళ్ళి కిందివరస ఎనిమిదిని తీసి పైవరస ఎనిమిది పక్కన పెట్టాడు. ఎనభై ఎనిమిదో కీర్తన. కిందివరస ఖాళీ కాబట్టి పాట లేదు.

రెండో ఎనిమిదిని తలకిందులుగా పెట్టావని నేను ఊరికే అన్నాను. "తలకిందులైతే నాకు తెలీదా, నలభై ఏళ్ళుగా పెడుతున్నాను" అని దాన్ని తీసి, తిప్పి, మళ్ళీ తిప్పి అలాగే పెట్టాడు.

ఆ కీర్తనలో ఏముందో ఎవరూ ముందు చూసుకోలేదు. చదివే వంతు ఇలైసాది. పడవ వచ్చిందని కేక వేసే గొంతుతో మొదలుపెట్టాడు. నాలుగు వాక్యాలకు గొంతు దిగింది. ఒక మనిషి గోతిలో ఉన్నాడు. నన్ను చచ్చినవాళ్ళలో కలిపేశావు అంటాడు. నీ అలలన్నీ నా మీదికే తోశావు అంటాడు. నా వాళ్ళను నాకు కాకుండా చేశావు అంటాడు. పోయినవాళ్ళు లేచొచ్చి నిన్ను పొగుడుతారా అని దేవుణ్ణే నిలదీస్తాడు. మేమంతా తర్వాతి మాట కోసం కాచుకుని కూచున్నాం. "అయినా సరే" అనే మాట ఒకటి వస్తుంది కదా ఎప్పుడూ. రాలేదు. చివరి మాట చీకటి.

ఇలైసా పేజీ తిప్పాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు.

"అయిపోయింది" అన్నాడు.

"సరిగ్గా చూడు" అంది బెంచీ మీంచి వాళ్ళావిడ.

"చూశానే. దీని తర్వాత ఎనభై తొమ్మిది."

"అయితే అందులోంచి ఒక ముక్క చదువు. ఇలా వదిలేస్తే ఇంటికెలా పోతాం?"

సెటాలెకి లేచి నిలబడ్డాడు. "తొమ్మిది బోర్డు మీద లేదు" అన్నాడు.

బయటికొచ్చాక ఒక్కరూ ఇంటికి పోలేదు. తుఫాను పోయిన దగ్గర్నుంచి ఎవర్ని కదిపినా "పర్లేదు, దేవుడున్నాడు" అని చెప్పి పనిలోకి దిగేవాళ్ళు. ఆరోజు నోళ్ళు తెరుచుకున్నాయి. పెండలం తోట పోయిందని లుపె గంటసేపు తిట్టింది. ఎవర్ని తిడుతున్నావే అని అడిగితే, "ఎవర్నో ఆయనకు తెలుసు" అంది. తిట్టి తిట్టి ఆకలి వేసి మా ఇంట్లో రెండు సీమపనసకాయలు తిని పోయింది. ఆవిడ కడుపునిండా తినడం ఫిబ్రవరి తర్వాత అదే మొదలు.

ఊరంతా ఇప్పుడు దాని మీదే ఉంది. పాట లేదు కాబట్టి కీర్తననే పాడాలని నిర్ణయం. పడవ ఒడ్డుకు లాగేటప్పుడు మీ తాత అందించే రాగం ఉంది కదా, అది దానికి సరిగ్గా అతికింది. ఇలైసా అందిస్తున్నాడు. మిగతాది నీకు చెప్పక్కర్లేదు.

ఇక ఆజ్ఞ. నేనంటే నువ్వు చేసి తీరాలి. అందుకే ఏమీ అనను.

ఫూసి

*

నుకుఅలోఫా
ఏప్రిల్ 16

అత్తకు,

మీరు ఏమీ అనకపోవడం కూడా పన్నాగమే. నాకు తెలియదనుకోకండి.

అలల సంగతి ఎందుకు రాశారు? మీరు కావాలనే రాశారు. ఉత్తరం మంచం కింద పడేశాను. సాయంత్రం తీశాను. మళ్ళీ పడేశాను. ఇప్పుడు బల్ల మీద ఉంది.

నా బైబిలు ఆ తలుపు లేని ఇంట్లోనే ఉండిపోయింది. పంది తినకపోతే ఉంటుంది. పక్క గదిలో లినీ దగ్గర ఒకటి ఉంది, నేను అడగలేదు. లినీ నాతో పాటు దుప్పట్లు ఉతుకుతుంది. ఆక్లండ్ అంటే దానికి పిచ్చి. నేనింకా పెట్టె తెరవలేదు, అది అప్పుడే సర్దేసుకుంది. టిక్కెట్టు మాత్రం లేదు. "ఎందుకే మరి?" అంటే, "అలవాటు కావాలి కదక్కా" అంటుంది. దాని దువ్వెన కూడా ఆ పెట్టెలోనే ఉంది. రోజూ పొద్దున తాళం తీసి దువ్వుకుని, మళ్ళీ తాళం వేస్తుంది.

ఒక్క మాట. ఆ రాగాన్ని ఇలైసా ఎత్తులో ఎత్తుకుంటే మూడో మాటకే తెగుతుంది. అది కిందనుంచి మొదలవ్వాలి. చాలా కిందనుంచి. మగవాళ్ళు ముందు గొణుగుతారు, పట్టించుకోవద్దు. "అలలు" అనే చోట ఒక్కసారిగా పైకి పోనీకుండా ఆపాలి. నాకేం సంబంధం లేదు, ఊరికే రాస్తున్నాను.

మళ్ళీ అడుగుతున్నాను. ఉండమంటారా, వెళ్ళమంటారా?

లెసియెలి

*

మోతుహీవా
ఏప్రిల్ 30

లెసీ,

గాలి తగ్గింది. పొద్దుట సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఆక్టోపస్‌లు దొరికాయి. ఎండబెట్టినవి మూడు పంపుతున్నాను, లినీకి కూడా పెట్టు.

మూట అడుగున చేమాకుల్లో చుట్టిన పొట్లం ఉంది. ఎవరూ లేనప్పుడు విప్పు. సెటాలెకి దానికోసం ఇల్లిల్లూ వెతుకుతున్నాడు. నాకేం తెలియదన్నాను.

ఇప్పుడు మా బోర్డు మీద ఒక్కటే ఉంది. కీర్తన చదివితే పాట లేదు, పాట పాడితే కీర్తన లేదు. పాస్టరు మళ్ళీ గొర్రెల దగ్గరికి వచ్చాడు.

ఫూసి

*

నుకుఅలోఫా
మే 14

అత్తా,

మీరు దొంగ. సంఘంలో ఇంత పెద్దమనిషి, అందులో మేనత్త, పట్టపగలు చర్చి సొత్తు ఎత్తుకొచ్చి ఆక్టోపస్ కింద దాచి పంపారు. అంకెకు ఇంకా నీచువాసన పోలేదు. సబ్బు పెట్టి రెండుసార్లు కడిగాను.

విప్పుతుంటే లినీ రానే వచ్చింది.

"ఇదేంటక్కా?"

"ఎనిమిది."

"మిగతావి ఏవి?"

"తుఫానులో పోయాయి."

"అయితే ఇది ఎందుకు పంపారు?"

దాని బైబిలు అడిగి తీసుకున్నాను. మీ ఎత్తు పారింది.

మర్నాడు పని దగ్గర, దుప్పట్లు ఉడికే కుండ పక్కన నిలబడి చదివాను. ఆవిరికి పేజీలు మెత్తబడ్డాయి, లినీకి చెప్పలేదు. ఒకసారి చదివి మూసేశాను. మధ్యాహ్నం మళ్ళీ చదివాను. అప్పుడు ఒకటి కనబడింది. కీర్తన మొదలయ్యే ముందు, పైన చిన్న అక్షరాల్లో ఒక వరస ఉంది. ఇలైసా దాన్ని చదివి ఉండడు, అలాంటివి ఎవరూ చదవరు. ఇది పాటల పెద్దకు ఇవ్వవలసినది అని ఉంది.

అత్తా, ఆ గోతిలో మనిషి దీన్ని రాసి తన దగ్గరే ఉంచుకోలేదు. పాట అందించేవాడి చేతికిచ్చాడు. ఆ అందించేవాడు, మీరు రాసినట్టు చివరి మాట చూసి, "తర్వాతి పేజీ ఏది?" అని అడిగే ఉంటాడు. అయినా తీసుకున్నాడు. నేర్పాడు. ఇంత చీకటిని పట్టుకుని వాళ్ళు వారం వారం సాధన చేసి ఉంటారు. సన్నగొంతుల వాళ్ళు ఆలస్యంగా వచ్చి ఉంటారు. లావుగొంతుల వాళ్ళు పక్కవాడి మీద నేరం మోపి ఉంటారు. ఎవడో ఒక ఇలైసా ఎప్పుడూ ఉండే ఉంటాడు. గోతిలో ఒక్కడు, వాడి చుట్టూ అరుచుకుంటున్న పాటగాళ్ళు. ఇది తోచాక పని మానేసి కుండ పక్కన కూచుండిపోయాను. మేస్త్రి వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బాగానే ఉందన్నాను. ఆ మాట ఆరు నెలల్లో అబద్ధం కాకుండా అనడం అదే మొదటిసారి.

నా దగ్గర పాట లేదనుకున్నాను. ఉంది. నా పేరు లేదు గానీ నా పని పేరు రాసి ఉంది.

ఇంకోటి. ఆ గోతిలో మనిషి రోజూ పొద్దున్నే దేవుణ్ణి పిలుస్తానంటాడు. లేనివాణ్ణి ఎవరూ రోజూ పొద్దున లేచి తిట్టరు కదా.

ఇరవై ఆరో తేదీ పడవకు వస్తున్నాను. దొంగసొత్తు అప్పజెప్పడానికి మాత్రమే. ఒక్క ఆదివారం ఉంటాను. ఆక్లండ్ ప్రయాణం అలాగే ఉంది. సాధన గురువారం పెట్టండి. ఇలైసాను పిలవకండి. వద్దులెండి, పిలవండి, బాధపడతాడు.

లెసియెలి

*

మోతుహీవా
జూన్ 4

లెసీ,

నువ్వు వెళ్ళి రెండు రోజులైంది. మబ్బుగా ఉంది. బెరడు కొట్టడం ఆగిపోయింది, ఎందుకంటే కొడుతూ కొడుతూ ఎవరో ఒకరు నవ్వు మొదలుపెడతారు, ఇక పదకొండు సుత్తులూ ఆగిపోతాయి.

నువ్వు ముందువరసలో అటు తిరిగి ఉన్నావు కాబట్టి వెనక జరిగింది చూడలేదు. రాస్తాను, ఉంచుకో.

అంత సాధన చేయించినా ఇలైసా అలవాటు కొద్దీ పైన ఎత్తుకున్నాడు. నువ్వు లేచి చెయ్యి చూపావు, వాడు ఆగాడు. అప్పుడు నువ్వు ఎత్తుకున్నావు. అంత కిందనుంచి నీ గొంతు నేనెప్పుడూ వినలేదు. మగవాళ్ళు దాన్ని అందుకోవడానికి గడ్డాలు గుండెలకు ఆనించారు. లుపె మొగుడు మోకాళ్ళు కూడా వంచాడు. అలల దగ్గర నువ్వు ఆపి పట్టావు. నేను మాత్రం అక్కడ పాడలేకపోయాను, అది నువ్వు విన్నావో లేదో.

కప్పు లేదు కదా, గాలి లోపలే తిరుగుతోంది. నువ్వు తెచ్చిన ఎనిమిదికి మేకు వదులు. నాలుగో వాక్యం దగ్గర అది ఊగడం మొదలుపెట్టింది. సెటాలెకి పాడుతూనే వెళ్ళి దాన్ని వేలితో నొక్కి పట్టాడు. కీర్తన అయ్యేదాకా చెయ్యి పైకెత్తి గోడకు అంటుకుని నిలబడ్డాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోవడానికి రెండో చేతిలో పుస్తకం.

చివరి మాట అయింది. ఆమెన్ కలుపుదామని పాస్టరు బతిమాలితే నువ్వు వద్దన్నావు కదా. ఎవరూ కదలలేదు. అప్పుడు సెటాలెకి, గుసగుస అనుకుని, ఊరంతటికీ వినబడేలా అడిగాడు.

"అయిపోయిందా? చెయ్యి తియ్యొచ్చా?"

ముందు నవ్వింది నువ్వే. అది మాత్రం నాకు వెనకనుంచి కూడా కనబడింది, నీ నల్లబట్టల భుజాలు ఎగిరాయి. తర్వాత ఎవరు నవ్వారో, ఎవరు ఏడ్చారో చెప్పలేను. పాస్టరు దీవెన చెప్పడం మర్చిపోయాడు. మంగళవారం నీ పడవ కదిలాక గుర్తొచ్చి రేవులో చేతులెత్తి చెప్పాడు. నీకు వినబడిందా? పడవలో పందులకు మాత్రం వినబడి ఉంటుంది, అవి అరవడం మానేశాయి.

ఇప్పుడు నీకు చెప్పని సంగతి. ఆ ఎనిమిదిని నేను ఒంటరిగా దొంగిలించలేదు. చర్చి ఖాళీగా ఉందనుకుని దాన్ని ఊడదీస్తున్నాను. వెనక బెంచీ మీద పడుకుని ఉన్న సెటాలెకి లేవకుండానే అన్నాడు, "కుడివైపుది తీసుకో ఫూసీ. ఎడమది లాగితే చీలుతుంది."

"ఎక్కడికో అడగవా?"

"అడిగితే నాకు తెలుస్తుంది. తెలిస్తే సంఘానికి చెప్పాలి."

ఆ తర్వాత నాలుగు వారాలు దాన్ని వెతికాడు. పాస్టరు సొరుగులు కూడా తీయించాడు. అబద్ధం ఆడలేదట, వెతికానన్నాడు అంతే.

ఆక్లండ్ గురించి అడగడం లేదు.

ఫూసి

*

నుకుఅలోఫా
జూన్ 20

అత్తా,

మీరు దాచింది చెప్పారు కాబట్టి నేను దాచింది చెప్తాను.

ఆ ఆదివారం పొద్దున, మొదటి గంట కొట్టకముందే, టోమాసి పడవ దొరికిన చోటికి వెళ్ళాను. నవంబరు తర్వాత అటు వెళ్ళడం అదే. కీర్తన వల్లె వేసుకుందామని వెళ్ళి, అది వదిలేసి నా మాటల్లో తిట్టాను. అలలు నీవైతే మనిషిని ఏం చేశావో నువ్వే చెప్పాలన్నాను. డబ్బా ఎందుకు పంపావన్నాను. జవాబేమీ రాలేదు. కానీ గోడతో మాట్లాడినట్టు లేదు. ఇంకా తిట్టాలనిపించింది, ఈలోగా పోటు వచ్చి టోమాసి పోయిన దుఃఖానికి నడుముకు కట్టుకున్న చాప తడిసింది. తడిచాపతోనే వచ్చి ముందు బెంచీలో కూచున్నాను. బెంచీ మీద నీళ్ళేమిటని లుపె అడిగితే కప్పు లేదు కదా అన్నాను.

మిగతాది మళ్ళీ తిట్టాలి. ఇక్కడ నా గదిలోంచి సముద్రం కనబడదు.

నా ఇంటికి తలుపు చెయ్యమని ఇలైసాతో చెప్పండి. పందిని ఇప్పుడే తరమండి. దీవెన వినబడింది.

నిన్న బాగా ఎండ కాసింది. దుప్పట్లు పన్నెండింటికే ఆరిపోయాయి. పని మానేస్తున్నానని మేస్త్రికి చెప్పేశాను, మంగళవారం మన దీవికి వచ్చే పడవకు నా పేరు రాయించాను.

ఆక్లండ్ ఓడ మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు బయల్దేరింది. నా చోట లినీ వెళ్ళింది.

లెసియెలి